బ్రతుకునకొక చిట్టా

మనుష్యుడెట్లు జీవింపవలెనను ప్రశ్న మనుష్యుడంత ప్రాచీనమైనది. దానికి సమాధానములు నేడు కరవు గావు. పుస్తకముల యంగళ్లలో విజయసోపానములు బారులు దీరియున్నవి. తెల్లవారులోపల చేతిలోని ఫోనునకు పది సూక్తులు వచ్చి వ్రాలుచున్నవి. వానిని మరి పదుగురకు బంపి, ఒక పుణ్యకార్యము చేసినట్లు మనము తృప్తి నొందుచున్నాము. ధర్మవాక్యములింత చౌకగా, ఇంత విరివిగా లభించిన కాలము వేరొకటి లేదు. అయినను కచేరీలో అర్జీదారుడు మూడవమారు తిరుగుచునే యున్నాడు. అంగడిలో తూనిక తగ్గుచునే యున్నది. ఇంటిలో అందరికిని వడ్డించిన యిల్లాలు మిగిలినది తినుచునే యున్నది. సూక్తికిని బ్రతుకునకును నడుమ నెక్కడనో త్రోవ తెగినది. ఆ తెగిన చోటును గూర్చియే ఈ వారము పాఠకులతో ముచ్చటింపదలచితిమి.

మా యభిప్రాయమును మొదటనే చెప్పెదము. జీవనసిద్ధాంతమనునది ప్రకటించుటకు గాదు, లెక్క చూచుకొనుటకు. వర్తకుడు రాత్రి అంగడి కట్టుటకు ముందు చిట్టా వ్రాసికొనును. అందు "వ్యాపారము ఘనముగా సాగవలెను" అని వ్రాయడు. వచ్చినదెంత, పోయినదెంత అని వ్రాయును. తన బ్రతుకునకట్టి చిట్టా లేనివాడు ఎంతటి వేదాంతము పలికినను తన స్థితి తానెరుగడు. అంతియ కాదు. చిట్టాలో ఎవరి పేర పద్దే తెరువబడలేదో, వారికి మనము పడిన బాకీ ఎన్నడును కనబడదు. ఈ రెండు మాటలే మా వాదమునకు సారము. లోకములో నిట్టి చిట్టాలు వ్రాసికొనిన మహనీయులు కొందరు గలరు. వారి చరిత్రలను పరిశీలింతము.

రోమక సామ్రాజ్యమును క్రీ. శ. 161 మొదలు 180 వరకు ఏలిన మార్కసు అరీలియసు చక్రవర్తి కొన్ని వ్రాతలు విడిచిపోయెను. అవి ప్రజలకు శాసనములు గావు. తనకు తాను చెప్పికొనిన బుద్ధులు. వానిని లాటినులో గాక గ్రీకుభాషలో వ్రాసికొనెను. అందు కొంతభాగము దానూబునదీ ప్రాంతముల యుద్ధశిబిరములలో వ్రాయబడినది. ఆ చక్రవర్తి మిక్కిలి గౌరవించిన బోధకులలో నొకడు ఎపిక్టేటసు. అతడు బానిసగా బ్రతికి, పిదప స్వతంత్రుడై, గ్రీసుదేశపు నికోపోలిసు నగరమున పాఠశాల నడపినవాడు. తాను గ్రంథమేదియు వ్రాయలేదు. శిష్యుడగు అరియను వ్రాసిపెట్టిన మాటలే లోకమునకు దక్కినవి. అతని బోధకు మూలము చాల చిన్నది. మనకు వశమైనవేవో, వశము గానివేవో వేరుపరచుకొనవలెను, వశమైనవాని యెడ శ్రద్ధ వహింపవలెను, తక్కినవానికై వగవరాదు. ఒకనాటి బానిస చెప్పిన పాఠము సింహాసనము మీదివానికిని అక్కరకు వచ్చెను. జీవనసిద్ధాంతము తీరికయు సంపదయు గలవారి విలాసమని పలుకువారికి ఇంతకన్న వేరు ప్రత్యుత్తరము వలదు.

అయినను ఈ పాఠమునందొక చిక్కు గలదు. వశమైనదానికిని కానిదానికిని నడుమ గీత గీయువాడెవడు? మనమే గదా! ధీరుడు ఆ గీతను రోగమునకును మరణమునకును ఆవల గీయును. సోమరి తన గడపయొద్దనే గీసికొని, వీథిలోని దుఃఖము తన వశము గాదని తలుపు మూసికొనును. బానిస మాటను శిరసావహించిన ఆ చక్రవర్తి కాలమున సయితము రోములో బానిసత్వము తొలగలేదు. ఆయన సౌజన్యమును మేము శంకింపము. ఎంతటి సజ్జనుని చిట్టాలోనైనను తెరువని పద్దు ఉండవచ్చునని మాత్రము చెప్పుచున్నాము.

ఈ మాటకు బెంజమిను ఫ్రాంక్లిను చరిత్ర మరింత స్పష్టమైన నిదర్శనము. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున అచ్చుకూటము నడిపి, పిమ్మట ఆ దేశస్వాతంత్ర్యమునకు పాటుపడిన ఈ మహాశయుడు (1706-1790) యౌవనమందే పదమూడు గుణములనేరుకొనెను. మితాహారము, మితభాషణము, క్రమము, పొదుపు, పరిశ్రమ, న్యాయము మొదలగునవి అందు జేరినవి. చిన్న పుస్తకమున గుణమునకొక వరుస, దినమునకొక గడి గీసి, తప్పిన దినమున నల్లచుక్క పెట్టుకొనెడివాడు. వారమునకొక గుణముపై ప్రత్యేకశ్రద్ధ, పదమూడు వారములకొక యావృత్తి, ఏడాదికి నాలుగావృత్తులు. క్రమమును సాధించుట తనకు దుర్ఘటమాయెననియు, గర్వమును ఎంత యణచినను మరల తల యెత్తుచుండెననియు తన స్వీయచరిత్రలో దాచక వ్రాసెను. పూర్ణత్వము దొరకకున్నను, ఆ ప్రయత్నము వలన తాను మునుపటికన్న మేలైనవాడను, సుఖియైనవాడను అయితినని సంతసించెను. లెక్క చూచుకొనుటలోని లాభము ఇదియే.

ఇక చిట్టాకెక్కని దానిని జూడుడు. ఆయన యింట ఆఫ్రికా జాతివారు బానిసలుగా నుండిరి. ఆయన పత్రికలో బానిసల విక్రయప్రకటనలు అచ్చయ్యెను. పదమూడు గుణములలో న్యాయమును గలదు. కాని దీనికై ఆ గడిలో చుక్క పెట్టవలసియున్నదని ఆయనకు చిరకాలము తోచలేదు. వార్ధక్యమున తోచెను. 1787లో పెన్సిల్వేనియా బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడాయెను. 1790 ఫిబ్రవరిలో బానిసత్వమును తొలగింపుడని ఆ సంఘము పక్షమున కాంగ్రెసునకు అర్జీ పంపెను. రెండుమాసములకే కాలధర్మము నొందెను. మృత్యువు వాకిట నిలిచియు క్రొత్త పద్దు తెరువగల్గుట ఘనమైన సంగతియే. ఆ పద్దు నలువదియేండ్ల ముందే తెరువబడియుండిన నెంత బాగుండెడిది!

మనదేశమున నిట్టి చిట్టాకు వ్రతమని పేరు. అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము అను నైదును పతంజలి యోగసూత్రములలో యమములుగా జెప్పబడినవి. శతాబ్దములనుండి వానిని మన పండితులు పఠించుచు వచ్చిరి. గాంధీమహాత్ముడు ఆ యైదింటిని గైకొని అంతటితో నాగలేదు. శరీరశ్రమ, అస్వాదము, నిర్భయత్వము, సర్వధర్మ సమభావము, స్వదేశీ, అస్పృశ్యతా నివారణము అను నారింటిని చేర్చి, ఏకాదశ వ్రతములుగా ఆశ్రమవాసులకు నియమించెను. 1930లో యెరవాడ కారాగారమునుండి ప్రతి మంగళవారమును ఈ వ్రతములను గూర్చి ఆశ్రమమునకు లేఖలు వ్రాసెను. ఇందు గమనింపదగినదేమనగా, ప్రాచీనమైన చిట్టాను ఆయన త్రోసివేయలేదు. అందులేని పద్దులను తెరచెను. అస్పృశ్యుడని వెలివేయబడినవాడు, చెమటోడ్చి పనిచేయువాడు, అన్యమతమువాడు, మన గ్రామపు చేతిపనివాడు, ఈ నలుగురును క్రొత్తగా మనకు ఋణదాతలైరి.

ఆ పద్దునకు వెల చెల్లింపవలసిన దినమును త్వరలోనే వచ్చెను. 1915 మే నెలలో అహమదాబాదు చెంత కొచ్రబునందు ఆశ్రమము స్థాపింపబడెను. కొలదిమాసములకే దూదాభాయి అను నొక హరిజనుడు భార్యతోను పసిబిడ్డతోను ఆశ్రమమున జేర వచ్చెను. గాంధీజీ చేర్చుకొనెను. వెంటనే ధనసహాయము నిలిచిపోయెను. బావియొద్ద తిట్లు వినవలసివచ్చెను. ఆశ్రమములోని కొందరికిని ఇది సహింపరానిదాయెను. మరుసటి నెలకు ఖర్చునకు పైకము లేదనిన, హరిజనవాటికకే పోయి కూలిచేసికొని బ్రతుకుదమని ఆయన నిశ్చయించెను. అంతట నొక శ్రేష్ఠి బండిలో వచ్చి, లోనికైనను రాక, పదుమూడువేల రూపాయలిచ్చి పోయెను. ఆ పైకము వచ్చుట మన వాదమునకు ముఖ్యము గాదు. అది రాకమునుపే నిశ్చయము జరిగియుండుట ముఖ్యము. వెల చెల్లింపవలసి వచ్చునంతవరకు వ్రతము మాటయే. చెల్లించిన దినముననే అది వ్రతమగును.

ఆంధ్రదేశమునను ఇట్టి చెల్లింపులు జరిగినవి. వితంతువు దుఃఖము నుదుటివ్రాత యనియు, అది నరుని వశము గాదనియు లోకమెల్ల గీత గీసియున్న కాలమున, రాజమహేంద్రవరములో నొక తెలుగుపండితుడు ఆ గీతను చెరిపివేసెను. 1881 డిసెంబరు 11వ తేదీన కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. వెలి యనుభవించిరి, బంధువులు దూరమైరి. భార్య రాజ్యలక్ష్మమ్మగారు ఆ కష్టములనన్నిటిని భర్తతో సమముగా భరించిరి. పంతులుగారి వాదములను మెచ్చినవారు నాడును పలువురుండిరి. మెచ్చుటకును వెల చెల్లించుటకును గల దూరమును దాటినవారు కొందరే.

గ్రంథము వ్రాయనివారికిని, వాదములు పలుకనివారికిని ఈ మార్గము మూసియుండలేదు. గోదావరి లంకలలోని గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) అను నిల్లాలుండెను. ఆమె వ్రతము ఒక్కటే: ఆకలితో వాకిటికి వచ్చినవారికి అన్నము పెట్టవలెను. ఏటిదారిన వచ్చు బాటసారి ఏ వేళ తలుపు తట్టినను ఆమె పొయ్యి రాజేసెడిది. దానికి వ్యాఖ్యానము లేదు, భాష్యము లేదు. ఆమె గతించిన నూరేండ్లకు పైని, 2024లో, ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకామె పేరు పెట్టెను. ఒక్క పద్దునే జీవితకాలము తప్పక చెల్లించినవారిని లోకము మరువలేదు.

ఇక ఆక్షేపణలు. నియమములు మనుష్యుని యంత్రముగా మార్చునని కొందరందురు. తప్పు దొరలినపుడెల్ల తన్ను తాను హింసించుకొనువాని విషయమున ఇది నిజము కావచ్చును. కాని ఫ్రాంక్లిను నల్లచుక్కలు జూచి క్రుంగలేదు. మరునాడు క్రొత్త గడి యున్నదని యెరిగియుండెను. నియమమును పాటించువాడు గర్వియగునని మరికొందరందురు. చిట్టాను ఇతరులకు జూపించువాడగును; తానొక్కడే చూచుకొనువానికి గర్వించుటకు కారణములు తక్కువగనే కనబడును. మనుష్యులు బాగుపడవలెనన్న ముందు వ్యవస్థ బాగుపడవలెనను వాదము నింతకన్న బలమైనది. నిజమే, చట్టములు మారక తీరని కష్టములు గలవు. కాని మారిన చట్టమును నడపవలసినవాడును మనుష్యుడే. అస్పృశ్యతను 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముచే రద్దుచేసినది. అయినను కొన్ని యిండ్లలో పనిమనిషికి వేరు గ్లాసు ఇంకను అటకమీదనే యున్నది. రాజ్యాంగము ఆ యటకవరకు ఎక్కలేదు, ఎక్కవలసినవాడు గృహస్థుడు.

కావున పఠనమందిరములలో ఈ పంక్తులు చదువు మహాశయులకు మేము విన్నవించునది స్వల్పము. పది సూక్తులు వలదు. రెండు మూడు నియమములు చాలును. అవి మీ మాటలలో, మీ వృత్తికి తగియుండవలెను; రాత్రి పండుకొనుటకు ముందు, పాటించితినా లేదా యని ఒక్కమాటలో తేలవలెను. "సత్యముగా నుందును" అనునది తేలదు. ఉద్యోగి యైనచో, నేడు చేయగల పనికి రేపు రమ్మని యెవరితోను చెప్పనని వ్రాసికొనవచ్చును. వర్తకుడైనచో, పిల్లవాడు వచ్చినను పెద్దవాడు వచ్చినను తూనిక ఒక్కటే యని వ్రాసికొనవచ్చును. ఉపాధ్యాయుడైనచో, వెనుకబల్ల బాలుని దినమునకొక్కసారియైన పేరుపెట్టి పలుకరింతునని వ్రాసికొనవచ్చును. గృహస్థుడైనచో, ఇల్లాలు కూర్చుండకమునుపు తాను విస్తరిముందు కూర్చుండనని వ్రాసికొనవచ్చును. ఇవి చిన్నవని నవ్వువారు ఒక్క మాసము పాటించి పిదప నవ్వుదురు గాక.

ఏడాదికొకమారు మాత్రము పద్దులనే పరీక్షింపవలెను. నా మంచితనము ఎవరివరకు పోయి ఆగిపోవుచున్నది? నా యింట, నా వీథిలో, నా కచేరీలో, ఎవరి పేర పద్దు లేదు? ఈ ప్రశ్నకు సమాధానము సుఖముగా నుండదు. అందుచేతనే దానిని వాయిదా వేయుదుము. మార్కసు చక్రవర్తికిని, ఫ్రాంక్లినునకును కనబడనిది మనకు తనంతట తాను కనబడునని తలచుట సాహసము. వెదకినవానికే కనబడును.

స్వరాజ్యమనగా తన్ను తానేలుకొనుటయని మన పెద్దలు నేర్పిరి. 1947లో దేశమునకు ఏలుబడి వచ్చినది. దినదినమును తన లెక్క తాను చూచుకొను పౌరుడు లేనిచో ఆ యేలుబడికి పునాది యుండదు. పట్టణమునకు పదుగురైనను అట్టివారు గలిగిన, కచేరీ వాకిట అర్జీదారుని మూడవ ప్రయాణము తప్పును. ధర్మము దేశమున నిలిచినదనుటకు మేము కోరు సాక్ష్యము అంతియే.