ముప్పై అడుగులు చాలవా?

వెలిగండ్లలో పుట్టినవాడు పడవల గురించి వాదించడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి. మా వైపు నీరు బోరుబావి అడుగున తప్ప కనబడదు, అదీ ఫ్లోరైడుతో. అయినా ఎద్దుల సత్తువను బట్టి బండిని ఎంచుకోవాలన్నది మెట్టప్రాంతీయులకు ఒకరు నేర్పనక్కరలేదు.

విదేశంలో స్థిరపడిన ఒక మిత్రుడు, ఉద్యోగ విరమణ అనంతరం భార్యతో కలసి సముద్రయానం చేయడానికి నలభై ఐదడుగుల తెరచాప పడవ కొనబోతున్నాడు. పెద్దదైతే క్షేమమట! ముప్పై అడుగుల పడవను అదే ఆకృతిలో నలభై ఐదుకు పెంచితే తెరచాప వైశాల్యం రెండుంబావు రెట్లు, బరువు మూడు రెట్లకు పైగా అవుతుంది. మనిషి భుజబలం మాత్రం పెరగదు. తాళ్ళు లాగే విద్యుత్ యంత్రాలున్నాయి కదా అంటాడు. ఉప్పునీటికి అవి మొరాయించిన రాత్రి?

నడిసముద్రంలో దంపతులంటే ఇద్దరు కారు. ఒకరు నిద్రిస్తే మేలుకొని ఉన్నది ఒక్కరే. అతడు నీళ్ళలో పడితే ఆమె ఒంటరిగా తెరచాప దించి, పడవ తిప్పి, అతణ్ణి పైకి లాగాలి. కనుక పడవ కొలత ఆమె చేతులను బట్టి ఉండాలి, అతని భవిష్యనిధిని బట్టి కాదు. ఇంతవరకు ఆమెను సంప్రదించింది వంటగది అలమరాల రంగు విషయంలో మాత్రమే!

ఎరిక్, సూసన్ హిస్కాక్ దంపతులు 1952లో బయలుదేరి భూమిని చుట్టివచ్చిన 'వాండరర్ 3' పొడవు ముప్పై అడుగులు. లిన్, లారీ పార్డీలు ఏళ్ళ తరబడి తిరిగిన 'సెరాఫిన్' ఇరవైనాలుగు. దానికి ఇంజనే లేదు.

'తారిణి' మాటేమిటని అడుగుతారు. యాభై ఆరడుగుల ఆ పడవపై 2017-18లో విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్యలతో సహా ఆరుగురు నావికాదళ అధికారిణులు భూమిని చుట్టారు. 2024-25లో దిల్నా, రూప ఇద్దరే చుట్టివచ్చారు. శిరసు వంచుతాను. కానీ వారి వెనుక ఏళ్ళ శిక్షణ, ఒక నావికాదళం ఉన్నాయి. మా మిత్రుని వెనుక బ్యాంకు ఋణం ఉంది.

చిన్నదైతే చాలునని కూడా అనను. 2018లో అభిలాష్ టామీ ముప్పై రెండడుగుల 'తురీయ' దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానులో స్తంభాలు విరిగి, ఆయన వెన్నెముక దెబ్బతిన్నది. పడవ మాత్రం మునగలేదు. మితిమీరిన వెడల్పు లేకపోవడం, అడుగున తగిన బరువు, తలక్రిందులైనా తిరిగి లేచే గుణం, అడుగుదూలానికి ఆనుకొని ఉన్న చుక్కాని... చూడవలసినవి ఇవి. పడకగదుల సంఖ్య కాదు.

బయానా ఇచ్చేముందు, గాలి బలంగా వీచే ఒకనాడు, అతడు చేతులు కట్టుకొని ఒక మూల కూర్చోవాలి. ఆమె ఒక్కతే పడవను రేవు దాటించి, తెరచాప ఎత్తి, కుదించి, తిరిగి తెచ్చి కట్టాలి. ధర సంగతి ఆ తరువాత మాట్లాడుకోవచ్చు.