పరదేశపు పళ్ళెం ముందు

చిన్ననాడు మా వద్ద ఖుర్ఆన్ నేర్చుకున్న విద్యార్థి ఒకడు ఉన్నత విద్య నిమిత్తం చెక్ దేశ రాజధాని ప్రాగ్ నగరానికి వెళ్ళాడు. మొన్న అతని లేఖ మాకు అందింది. తోటి విద్యార్థి అయిన ఒక స్థానిక యువకుడు అభిమానంతో అతనికొక జాబితా రాసిచ్చాడట. తమ ఊళ్ళో తినవలసినవి, చూడవలసినవి అందులో ఉన్నాయట. పైగా ఆదివారం తమ ఇంటికి భోజనానికి పిలిచాడట. "ఉస్తాద్! కాదంటే అతని మనసు నొచ్చుకుంటుంది. అవునంటే నా దీన్ ఏమవుతుంది? గదిలో రొట్టె, గుడ్లతోనే రోజులు గడుపుతున్నాను" అని వాపోయాడు. ఈ చింత అతనొక్కడిదే కాదు. పిల్లలను ఐరోపాకు పంపిన తల్లిదండ్రులు మనలో ఎందరో ఉన్నారు. కనుక అతనికి మేము రాసిన సమాధానాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

జాబితాలో మొదటిది 'వెప్రో క్నెడ్లో జెలో'. అది పంది మాంసం, పిండి ఉండలు, క్యాబేజీ కలిపిన భోజనం. దాని గురించి చర్చ అనవసరం. రెండవది 'స్వీచ్కోవా'. గోమాంసాన్ని దుంపకూరలతో ఉడికించి, మీగడ కలిపిన చిక్కని పులుసుతో వడ్డిస్తారు. సంప్రదాయం ప్రకారం ఆ మాంసంలో పందికొవ్వు ముక్కలు గుచ్చుతారు. మూడవది 'గులాష్'. ఆ కూరలో బీరు పోసి వండేవారు చాలామంది. గ్రంథ ప్రజల ఆహారం మనకు ధర్మసమ్మతమే కదా అని కొందరు అంటారు. అయితే జిబహ్‌కు షరతులున్నాయి. పైగా ఏ మతాన్నీ పాటించమని చెప్పుకునేవారు అధికంగా ఉన్న దేశాల్లో అదొకటి. కనుక అక్కడి అంగడి మాంసాన్ని హలాల్ అని ఊహించుకోవడం తగదు. సందేహం ఉన్నచోట వదలివేయడమే క్షేమం.

ఇక తినదగినవి చూద్దాము. సోయాకూర, పుట్టగొడుగులు, బంగాళాదుంపలు, మీగడ, గుడ్డుతో చేసే 'కులాయ్‌డా' చారు ఉంది. తురిమిన బంగాళాదుంపలో వెల్లుల్లి చేర్చి వేయించే 'బ్రాంబొరాక్' అట్టు ఉంది. పొడి అద్ది వేయించిన జున్ను 'స్మజెనీ సీర్' ఉంది. నదీజలాల ట్రౌట్ చేప ఉంది. ప్లం పండునో, జల్దారు పండునో పిండిలో మూసి ఉడికించి, వెన్న, చక్కెర చల్లి పెట్టే 'ఒవొత్స్నే క్నెడ్లీకి' ఉంది. మన పూర్ణాలను నూనెలో వేయించక నీటిలో ఉడికించినట్లు ఊహించుకోండి. అయినా ప్రతి చోటా రెండు ప్రశ్నలు అడగాలి: చారుకు వాడిన నీరు మాంసం ఉడికినదా? వేయించినది పందికొవ్వులోనా, పంది మాంసం వేయించిన నూనెలోనా? కొన్ని పదాలు కంఠస్థం చేసుకోవాలి. 'వెప్రొవే' పంది మాంసం, 'సాడ్లో' పందికొవ్వు, 'స్లానినా' ఉప్పు పట్టించిన పంది మాంసం, 'పివో' బీరు, 'వీనో' ద్రాక్ష సారా.

చూడవలసిన వాటిలో పాత నగర కూడలిలోని ఖగోళ గడియారం మొదటిది. అది 1410 నాటిది. దాని వెలుపలి వలయం సూర్యాస్తమయం నుండి గంటలు లెక్కిస్తుంది. మగ్రిబ్‌తో కొత్త రోజు మొదలయ్యే మనకు ఆ లెక్క పరాయిది కాదు. గంట గంటకూ అక్కడొక అస్థిపంజరం గంట మోగిస్తుంది. చేత అద్దం పట్టిన డాంబికుడు, డబ్బు సంచి పట్టిన లోభి 'ఇప్పుడే కాదు' అన్నట్లు తలలు ఆడిస్తారు. జనం ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతారు. విశ్వాసి మాత్రం ఒక్క క్షణం ఆగి తన గడువును తలచుకోవాలి.

1357లో పునాది వేసిన చార్లెస్ వంతెనపై తెల్లవారుజామున నడవమని ఆ మిత్రుడు రాశాడు. ఫజ్ర్ చేసి బయలుదేరేవానికి అది సులభమే. పింకాస్ యూద ప్రార్థనాలయం గోడలపై నాజీల చేతిలో హతులైన సుమారు 80 వేలమంది పేర్లు రాసి ఉన్నాయి. అన్యాయానికి బలైనవాని మతమేదని అడగకుండా ఆ గోడల ముందు నిలబడాలి. భూమిపై సంచరించి గతించినవారి నుండి గుణపాఠం గ్రహించమన్న ఖుర్ఆన్ ప్రబోధం ఇలాంటి చోటుకే.

జాబితాలో లేనిది ఒకటి మేము చేర్చాము. ప్రాగ్‌లో 1999 నుండి మస్జిద్ ఉంది. మొదట దాని చిరునామా తెలుసుకోవాలి. ఇక్కడ మనకు పడమరన ఉన్న ఖిబ్లా అక్కడ ఆగ్నేయానికి మారుతుంది. జూన్‌లో సూర్యుడు రాత్రి 9 దాటాక అస్తమిస్తాడు, సంధ్యాకాంతి రాత్రంతా పూర్తిగా తొలగదు. ఇషా వేళను సొంతంగా ఊహించక ఆ మస్జిద్ పట్టికను అనుసరించాలి.

విందు విషయం. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆహ్వానాన్ని మన్నించేవారు, ఏ భోజనానికీ వంక పెట్టేవారు కారు. కనుక వెళ్ళమన్నాము. అయితే తినగలిగేదేదో, తినలేనిదేదో పళ్ళెం ముందు కూర్చున్నాక కాక, నాలుగు రోజుల ముందే మర్యాదగా చెప్పమన్నాము.

ఇది అచ్చుకు పంపేవేళ అతని రెండవ లేఖ వచ్చింది. ఆ ఇల్లాలు పండ్ల ఉండలు వెన్నతోనే చేసిందట. చారులో మాత్రం పొరపాటున పొగబెట్టిన మాంసపు నీరు కలిసిందట. అతను అడిగాడు, ఆమె చెప్పింది, అతను గిన్నె పక్కన పెట్టాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదట. ఆ తరువాత ఆమె, "అడిగి మంచిపని చేశావు బాబూ, లేకుంటే మాకు తెలియకుండానే నీకు ద్రోహం చేసేవాళ్ళం" అన్నదట. తిరిగి వచ్చేటప్పుడు మిగిలిన ఉండలు డబ్బాలో పెట్టి ఇచ్చిందట.

మొహమాటంతో తిని ఉంటే ఆ ఇంటివారికి అతనెవరో తెలిసేది కాదు. అలిగి వెళ్ళకపోయి ఉంటే అసలే తెలిసేది కాదు. పరదేశాల్లోని మన బిడ్డల దీన్‌ను, నడవడిని అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.