ఆ చేదుకి అంత ధరా?

మొన్న వేసవిలో మా మరిది కొడుకు స్విట్జర్లాండ్ నుంచి వస్తూ ఓ సీసా తెచ్చాడు. పేరు ఆబ్సింత్. ఆకుపచ్చ మద్యం. హయత్‌నగర్‌లో మా ఇంట్లో అందరం వింతగా చుట్టూ చేరాం. మూత తియ్యగానే మా అత్తయ్య, "ఇదేందిరా, మాచిపత్రి వాసనొస్తుంది!" అన్నారు.

అందరం నవ్వాం గానీ ఆవిడ ముక్కు గట్టిదే! ఏటా వినాయకచవితికి దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్కన కొని, పూజలో మొట్టమొదట వేసే మాచిపత్రీ, ఈ మద్యంలో వేసే చేదు మొక్కా ఆర్టిమీసియా అనే ఒకే కోవకి చెందినవి. దానికి సోంపు లాంటి గింజలు కలుపుతారు. మన విస్కీలో ఆల్కహాలు సుమారు 43 శాతమైతే, ఇందులో 45 నుంచి 74 శాతం దాకా ఉంటుంది.

దీన్ని తాగడానికో తతంగం. గ్లాసు మీద చిల్లుల చెంచా, దానిమీద పంచదార బిళ్ల, పైనుంచి చన్నీళ్లు చుక్కచుక్కగా. చూస్తుండగానే పచ్చటిది పాలలా తెల్లబడింది. మాయేం లేదు. సోంపు నూనె ఆల్కహాలులో కరుగుతుంది, నీళ్లలో కరగదు. అంతే.

"పెద్దమ్మా, ఒక్క చుక్క!" అన్నాడు. దాచడమెందుకు, రెండు చెంచాలు తాగాను. సోంపు కషాయంలో నేలవేము పిండినట్టుంది. గొంతులో మంట అదనం. రుచి తెలుసుకోవాలన్న సరదా ఆ రెండు చెంచాలతో తీరిపోయింది. రుచి కోసమే అయితే ఎవరికైనా అంతకన్నా ఎందుకు చెప్పండి? "రుచి కోసం" అంటూ రెండో గ్లాసు పోసుకునేవాళ్లని నేనైతే నమ్మను.

ఈ సీసా వెనక ఓ కథ ఉంది. 1905లో స్విట్జర్లాండ్‌లో జాన్ లాన్‌ఫ్రే అనే కూలీ తాగొచ్చి, గర్భిణి అయిన భార్యనీ, ఇద్దరు కూతుళ్లనీ కాల్చి చంపాడు. ఆ రోజంతా అతను తాగింది లీటర్ల కొద్దీ వైను. ఆబ్సింత్ రెండే గ్లాసులు. అయినా నింద పచ్చ సీసా మీదే పడింది. అది పిచ్చెక్కిస్తుందన్నారు. 1908లో ఓటింగు పెట్టి, 1910 నుంచి నిషేధించారు. వైను జోలికి ఎవరూ పోలేదు! ఇంకో సంగతి. చచ్చిపోయింది ఆడవాళ్లు, ఆ ఓటింగులో మాత్రం ఆడవాళ్లకి ఓటు లేదు. అక్కడి స్త్రీలకి దేశవ్యాప్త ఓటుహక్కు వచ్చిందే 1971లో.

పాత సీసాల్ని తర్వాత పరీక్షిస్తే పిచ్చెక్కించేంత విషమేమీ కనబడలేదు. ఉన్నదల్లా ఘాటైన ఆల్కహాలే. 2005లో నిషేధం ఎత్తేశారు.

మన దగ్గర మాత్రం? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డప్పుడు దాని రుచేమిటని ఎవరూ అడగలేదు. కూలి డబ్బులు ఇంటికి చేరడం లేదు, ఒంటిమీద దెబ్బలు పడుతున్నాయి, అదీ వాళ్ల లెక్క. 1993లో సారా పోయింది. 1995లో సంపూర్ణ నిషేధమూ వచ్చింది, 1997లో పోయింది. ఓ సీసా పోతే ఇంకో సీసా వచ్చింది. ఇవాళ మన వీధుల్లో సాయంత్రం వైన్‌షాపు ముందు నుంచి నడిచి వెళ్లే ఆడపిల్లనడగండి, ఏం మారిందో చెబుతుంది.

కాబట్టి సీసా రంగు, పేరు చూసి ముచ్చటపడటమూ వద్దు, హడలిపోవడమూ వద్దు. అందులో ఉన్న ఆల్కహాలు ఎంత, దాని ఖర్చు ఇంట్లో ఎవరు మోస్తున్నారు - ఈ రెండే చూడాలి.

ఇక రుచంటారా? భోజనమయ్యాక గుప్పెడు సోంపు నమలండి. మాచిపత్రి వాసన కావాలంటే చవితి ఎలాగూ వస్తుంది. ఏమంటారు?