సరస్సు ఒడ్డు కాలిబాట: హారిమన్ పార్కు, మన విద్యార్థులు

న్యూజెర్సీ, న్యూయార్కులలో ఉంటున్న తెలుగువారికి హారిమన్ స్టేట్ పార్కును ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేదు. ఎడిసన్ నుంచి కారులో గంట, గంటంపావు ప్రయాణం. శనివారం ఉదయం తొమ్మిది దాటితే రీవ్స్ మెడో విజిటర్ సెంటర్ దగ్గర కారు ఆపుకోవడానికి చోటు దొరకడం కష్టం. వచ్చేవారిలో పులిహోర డబ్బాలతో పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలు ఎప్పుడూ ఉన్నాయి. ఇటీవలి సంవత్సరాలలో వారికి తోడు ఎమ్మెస్ చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళు కూడా గుంపులుగా కనిపిస్తున్నారు. కారు లేనివాళ్ళు రైలెక్కి టక్సీడో స్టేషన్లో దిగి, అక్కడి నుంచే కాలిబాట పట్టుకుని అడవిలోకి వెళ్ళవచ్చు. ఖర్చు తక్కువ, ఆనందం ఎక్కువ. అయితే దీని వెనుక ఒక ఆందోళనకరమైన విషయం ఉంది. దాని గురించి మన సంఘాలు బహిరంగంగా మాట్లాడటం లేదు.

ముందు పార్కు సంగతి. 1909 ప్రాంతంలో బేర్ మౌంటెన్ దగ్గర జైలు కట్టాలని న్యూయార్కు ప్రభుత్వం తలపెట్టింది. రైల్వే వ్యాపారి ఎడ్వర్డ్ హారిమన్ భార్య మేరీ హారిమన్ 1910లో పది వేల ఎకరాల భూమి, పది లక్షల డాలర్లు రాష్ట్రానికి ఇస్తూ, జైలు ఆలోచన మానుకోవాలని షరతు పెట్టారు. ఆ దానంతో మొదలైన పార్కు ఇప్పుడు 47 వేల ఎకరాలకు పైబడింది. అందులో ముప్ఫై ఒక్క చెరువులు, రెండు వందల మైళ్ళ కాలిబాటలు ఉన్నాయి. సుప్రసిద్ధమైన అపలాచియన్ ట్రెయిల్‌లో మొట్టమొదటి భాగం 1923లో తెరిచింది కూడా ఈ కొండల్లోనే. ఆ చెరువుల్లో చాలావరకు మనుషులు ఆనకట్ట వేసి నింపినవే. రీవ్స్ మెడో నుంచి తెల్లటి చదరంలో ఎర్రటి గుర్తు చూసుకుంటూ వాగు వెంట ఎక్కితే వచ్చే పైన్ మెడో సరస్సు అలాంటిదే, 1930లలో కట్టినది. రానూపోనూ ఐదు మైళ్ళ పైచిలుకు నడక. రాళ్ళు, వేళ్ళు ఉంటాయి గానీ మామూలు ఆరోగ్యం ఉన్నవారెవరైనా నడవగలరు.

"మామూలు" అనే ఈ మాటే మనవాళ్ళను ఏమారుస్తుంది. నడక తేలికే. ప్రమాదం నడకలో లేదు, నడక ముగిసిన చోట ఉన్న నీటిలో ఉంది.

గత కొన్నేళ్ళ వార్తలు ఒకసారి గుర్తు చేసుకుందాం. 2022 నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవుల్లో మిస్సోరీలోని లేక్ ఆఫ్ ది ఓజార్క్స్‌లో తెలంగాణకు చెందిన ఇద్దరు విద్యార్థులు మునిగిపోయారు. నెల తిరిగే సరికి, క్రిస్మస్ మర్నాడు, అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ సరస్సుపై మంచు విరిగి ముగ్గురు పోయారు. వారిలో గుంటూరు జిల్లా దంపతులున్నారు. 2024 మే నెలలో అదే అరిజోనాలో ఫాసిల్ క్రీక్ దగ్గర మరో ఇద్దరు తెలంగాణ విద్యార్థులు పోయారు. జూలైలో న్యూయార్కు రాష్ట్రంలో ఆల్బనీకి దగ్గరగా ఉన్న బార్బర్‌విల్ జలపాతం దగ్గర మరో తెలుగు విద్యార్థి పోయాడు. ప్రతిసారీ మన సంఘాలు కదిలాయి, విరాళాలు పోగయ్యాయి, పార్థివదేహాన్ని ఇంటికి చేర్చే ఏర్పాట్లు జరిగాయి. అది గొప్ప సేవ అనడంలో సందేహం లేదు. కానీ చనిపోయాక చేసే పనిలో మనకున్న నేర్పులో పదో వంతు కూడా అంతకుముందు చేయవలసిన దాంట్లో కనబడదు.

ఎందుకిలా జరుగుతోంది? ఈత రాకపోవడం ఒక కారణం. ఇంజనీరింగ్ సీటు కోసం కోచింగులో బాల్యం గడిపిన తరానికి బావిలో, కాలువలో ఈత నేర్చుకునే వీలు ఎక్కడిది? అయితే ఈత వచ్చినవాళ్ళూ మునుగుతారు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ హాయిగా ఉంటుంది, సరస్సు నీరు మాత్రం ఇంకా శీతాకాలంలోనే ఉంటుంది. అలాంటి నీటిలో దూకగానే ఊపిరి తనంతట తాను ఎగబీలుస్తుంది, ఆ క్షణంలో తల నీటి కింద ఉంటే అంతే. మన ఊరి చెరువు మెట్టుమెట్టుగా లోతవుతుంది. కట్టి నింపిన చెరువుల్లో కొన్నిచోట్ల రెండడుగులు వేసేసరికి నేల మాయమవుతుంది. మంచు విషయం సరేసరి. మనిషి బరువు ఆగాలంటే గట్టి మంచు కనీసం నాలుగు అంగుళాల మందం ఉండాలంటారు, పైకి చూసి ఎవరూ చెప్పలేరు. వీటన్నిటికీ మించి ఒకరు మునుగుతుంటే ఈత రాని స్నేహితుడు దూకడం. ఒక ప్రమాదం రెండు మరణాలు కావడం చాలాసార్లు అలాగే.

హారిమన్‌లో ఈతకు అనుమతి ఉన్నది లైఫ్‌గార్డులున్న బీచీలలో, వేసవిలో మాత్రమే. పైన్ మెడో లాంటి చోట్ల నిషేధం. ఆ బోర్డు ముందు నిలబడి ఫోటో తీసుకుని, పక్కనే నీళ్ళలోకి దిగేవారిని చూస్తూనే ఉన్నాం.

మరో మాట. ఈ అడవులూ మునుపటిలా లేవు. 2023 జూలై 9న కురిసిన కుండపోతకు బేర్ మౌంటెన్, హారిమన్ ప్రాంతాల్లో రోడ్లు దెబ్బతిని పార్కులో చాలా భాగం మూసివేశారు. 2024 నవంబరులో దానికి పూర్తిగా వ్యతిరేకం. అక్టోబరంతా చినుకు లేక, పక్కనే గ్రీన్‌వుడ్ లేక్ దగ్గర ఐదు వేల ఎకరాలకు పైగా అడవి కాలింది, మంటలార్పుతూ చెట్టు విరిగిపడి పద్ధెనిమిదేళ్ళ పార్కు ఉద్యోగి చనిపోయాడు. కాబట్టి బయలుదేరే ముందు పార్కు వెబ్‌సైటులో ఏది మూసి ఉందో చూసుకోవడం ఛాదస్తం కాదు. లోపల చాలాచోట్ల సెల్ సిగ్నల్ ఉండదు గనుక మ్యాపు ముందే దింపుకోవాలి. చెట్టు మీద రెండు గుర్తులు ఒకదానిపై ఒకటి ఉంటే బాట మలుపు తిరుగుతుందని అర్థం. తిరిగొచ్చాక పిడుదు పురుగుల కోసం ఒళ్ళంతా వెతుక్కోవాలి. లైమ్ జబ్బు సోకడానికి అది సాధారణంగా ఒక రోజుకు పైగా పట్టుకుని ఉండాలి కాబట్టి, ఆ సాయంత్రమే తీసేస్తే చాలావరకు బెడద తప్పుతుంది.

మన సంఘాలు చేయగలిగింది చాలా ఉంది, ఖర్చు కూడా తక్కువ. ఆగస్టులో కొత్త విద్యార్థులకు జరిపే స్వాగత సభల్లో వీసా, బ్యాంకు ఖాతా, అపార్టుమెంటు సంగతులు గంటలకొద్దీ చెబుతాం. అందులో పావుగంట నీళ్ళకు కేటాయించవచ్చు. స్థానిక వైఎంసీఏలో పెద్దలకు ఈత తరగతులుంటాయి, వాటికి ఫీజులో సగం సంఘం భరించినా అది ఒక మహాసభలో స్టేజి అలంకరణకయ్యే డబ్బు కంటే చాలా తక్కువ. ఈ కాలిబాటలను 1920లో ఏర్పడిన న్యూయార్కు న్యూజెర్సీ ట్రెయిల్ కాన్ఫరెన్స్ తరఫున స్వచ్ఛంద సేవకులే బాగుచేస్తున్నారు. అంతమంది మనవాళ్ళం నడుస్తున్నా, రంపం, బ్రష్షు పట్టుకున్న చేతుల్లో మనవి అరుదు. ఆ పనిలో పదిమంది చేరితే బాటలు తెలిసిన పదిమంది పెద్దన్నలు తయారవుతారు, కుర్రాళ్ళను వెంట తీసుకెళ్ళడానికి.

అక్టోబరు మధ్యలో ఆకులు రంగు తిరిగే రోజుల్లో రద్దీ బాగా ఉంటుంది. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి జరిగాక ఆ కొండల్లో సాయంత్రం ఐదులోపే పొద్దుగుంకుతుంది. మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా బయలుదేరే అలవాటున్నవారు టార్చిలైటు వెంట ఉంచుకోవడం అవసరం.