పరుపు మీద పీక, జేబులో బ్యాటరీ

వేప్ పేలి ముఖం కాలిందన్న వార్త ప్రపంచంలో ఏ మూల పుట్టినా ఫొటోతో సహా మన ఫోన్లలోకి వచ్చేస్తుంది. సిగరెట్ పీక వల్ల పరుపు అంటుకుని మనిషి నిద్రలోనే పోయాడన్న వార్త జిల్లా పేజీలో నాలుగు లైన్లు దాటదు. అందుకే ఈ-సిగరెట్ అంటే జేబులో బాంబు అనీ, సిగరెట్‌తో వచ్చే ముప్పంతా ఊపిరితిత్తులకే తప్ప ఇంటికి కాదనీ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఇది సగమే నిజం. గాయాల విషయంలో వేప్ సిగరెట్‌కు తీసిపోయేదేమీ కాదు. చావుల విషయంలో మాత్రం రెంటికీ పొంతనే లేదు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, మన చట్టాలు ఏ నిప్పును చూశాయో, దేన్ని చూడకుండా వదిలేశాయో కూడా తెలుస్తుంది.

ఇలాంటి ప్రమాదాల లెక్కలు ఓపిగ్గా రాసిపెట్టుకున్న దేశం అమెరికా. అక్కడి నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ అంచనా ప్రకారం 2012-16 మధ్య సిగరెట్లు, చుట్టలు, పైపుల వంటి పొగతాగే సామగ్రి వల్ల ఏటా సగటున 18,100 ఇళ్లు అంటుకున్నాయి. మొత్తం ఇళ్ల మంటల్లో ఇవి 5 శాతమే. ఇళ్ల మంటల్లో పోయిన ప్రాణాల్లో మాత్రం వీటి వాటా 23 శాతం, అంటే ఏడాదికి 590 మంది. గాయపడినవారు మరో 1,130 మంది. వేప్‌ల సంగతికొస్తే, అమెరికా ప్రభుత్వ అగ్నిమాపక విభాగం 2009-16 మధ్య జరిగిన 195 మంటలు, పేలుళ్లను నమోదు చేసింది. 133 మంది గాయపడ్డారు, వారిలో 38 మందివి తీవ్రమైన గాయాలు. ఆ ఎనిమిదేళ్లలో ఒక్కరూ చనిపోలేదు. వేప్ పేలి మనిషి పోయిన ఘటన 2018లో ఫ్లోరిడాలో జరిగింది, మరుసటి ఏడాది టెక్సాస్‌లో మరొకటి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది గట్టిదే. ఆ 195 ఎక్కువగా వార్తల నుంచి ఏరుకున్న సంఖ్య. వార్త కానివి ఎన్నో. పైగా వేప్ వాడేవాళ్లే తక్కువైతే ప్రమాదాలు తక్కువగా ఉండడంలో వింతేముంది? రెండు మాటలూ ఒప్పుకోవాల్సినవే. ఆస్పత్రుల అత్యవసర విభాగాల సమాచారం ఆధారంగా తర్వాత వచ్చిన ఒక అధ్యయనం 2015-17 మధ్య ఈ-సిగరెట్ పేలుళ్లు, కాలిన గాయాలతో 2,035 మంది చికిత్సకు వచ్చి ఉంటారని అంచనా వేసింది. అంటే ఏడాదికి 680 దాకా. 2018లో ఆ దేశంలో సిగరెట్ తాగే పెద్దవాళ్లు సుమారు 3.4 కోట్ల మంది, వేప్ వాడేవాళ్లు 80 లక్షల మంది. తలసరి లెక్క వేస్తే గాయాల్లో వేప్ వైపే తక్కెడ మొగ్గుతుంది. అయితే సిగరెట్ వైపు చూపిన 1,130 మందీ ఫైరింజన్ వెళ్లిన ఇళ్ల మంటల బాధితులే. పీక తగిలి వేలు కాల్చుకుని ఆస్పత్రికి వెళ్లినవాళ్లు అందులో లేరు. కాబట్టి గాయాల పోలికను అంతకుమించి సాగదీయడం కుదరదు. చావుల పోలికకు ఆ ఇబ్బంది లేదు. వాడేవాళ్ల సంఖ్య నాలుగో వంతేనని సర్దుబాటు చేసినా, ఏటా 590కీ ఇన్నేళ్లలో ఒకటి రెంటికీ మధ్య ఉన్న అగాధం పూడదు.

ఎందుకింత తేడా? దమ్ము లాగినప్పుడు సిగరెట్ కొసన వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. అసలు ప్రమాదం అది కాదు. లాగడం మానేసినా అది ఆరకపోవడమే ప్రమాదం. పట్టించుకునేవాళ్లు లేకపోయినా చివరిదాకా కాలేలా పొగాకూ కాగితమూ కుదిరాయి. సోఫా సందులోనో దిండు కిందో పడితే దూదిలో, స్పాంజిలో నిప్పు మంట లేకుండా రాజుకుంటుంది. నివురుగప్పిన నిప్పు అనే మాటకు ఇంతకంటే అచ్చమైన ఉదాహరణ ఉండదు. మంట పైకి లేచేసరికి గంటలు గడవొచ్చు, ఇంట్లోవాళ్లు నిద్రలో ఉండొచ్చు, ఈలోగా కార్బన్ మోనాక్సైడ్ గదంతా నిండుతుంది. మత్తులో ఉన్నవారు, ముసలివారు, మంచం దిగలేనివారు ఎక్కువగా పోయేది ఇలాగే. అమెరికాలో ఇలా చనిపోయిన ప్రతి నలుగురిలో ఒకరు అసలు ఆ సిగరెట్ కాల్చినవారే కాదు. ఇల్లు దాటి బయటికొస్తే పొగతాగేవాళ్లు పారేసే నిప్పు ఒక్కసారే పదుల మందిని చంపగలదు. 1985లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ ఫుట్‌బాల్ మైదానంలో చెక్క గ్యాలరీ కింద పేరుకున్న చెత్తలో పడిన సిగరెట్టో అగ్గిపుల్లో 56 మందిని బలిగొంది. 1987లో లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో చెక్క ఎస్కలేటర్ సందులోకి జారిన ఒక అగ్గిపుల్ల వల్ల 31 మంది పోయారు.

వేప్ నిప్పుకు ఈ ఓపిక లేదు. చాలా పరికరాల్లో ఉండే 18650 రకం లిథియం అయాన్ బ్యాటరీని చేతిలోకి తీసుకుని చూడండి. వేలెడంత లోహపు గొట్టం, చుట్టూ పలుచటి ప్లాస్టిక్ తొడుగు. పైనున్న చిన్న బొడిపె పాజిటివ్, మిగతా ఒళ్లంతా నెగటివ్. తొడుగు పై అంచున చిరిగితే బొడిపెకూ ఒంటికీ మధ్య దూరం కొన్ని మిల్లీమీటర్లే. జేబులోని తాళంచెవో రూపాయి బిళ్లో ఆ రెంటినీ కలిపితే చాలు, లోపలి వేడే ఇంకా వేడిని పుట్టిస్తూ పోయి గొట్టం పేలుతుంది. ఆ 195 ఘటనల్లో 61 జేబుల్లో జరిగాయి, 60 వాడుతుండగా, 48 చార్జింగ్‌లో. అందుకే తొడలు, చేతులు, నోరు కాలుతున్నాయి. మంట ఆరాక కూడా బ్యాటరీ రసాయనం చర్మాన్ని తింటూ ఉంటుంది గనుక ముందు పీహెచ్ చూడాలని కాలిన గాయాల వైద్యులు చెబుతున్నారు. గాయం ఘోరమే. కానీ అది క్షణాల్లో, చప్పుడుతో, ఎక్కువసార్లు మనిషి మెలకువగా ఉన్నప్పుడు జరుగుతుంది. కాలేది చాలావరకు దాని యజమానే. లిథియం మంట మనకు కొత్తదేమీ కాదు. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో లేచిన మంటల పొగ పై అంతస్తుల్లోని లాడ్జిలో 8 మంది ప్రాణాలు తీసింది. వేప్‌లో ఉన్నదీ ఆ జాతి బ్యాటరీయే, శక్తిలో మాత్రం వందల రెట్లు చిన్నది.

స్కూటర్లు కాలినప్పుడు ప్రభుత్వం వాటిని నిషేధించలేదు, బ్యాటరీ పరీక్షలు కఠినం చేసింది. ఈ-సిగరెట్లను 2019లో పూర్తిగా నిషేధించింది: తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నేరమే. పిల్లలకు నికోటిన్ అలవాటు కాకూడదన్నది అందుకు చెప్పిన ప్రధాన కారణం. దాని మంచిచెడ్డలు వేరే చర్చ. నిప్పు కోణంలో చూస్తే మాత్రం నిషేధం ఒక ప్రమాణాన్ని పుట్టకుండా చేసింది. దొంగచాటుగా వచ్చే సరుకులో బ్యాటరీ ఎవరిది, చార్జర్ ఎవరిది, రక్షణ సర్క్యూట్ ఉందా లేదా అని అడిగే అధికారి ఎవరూ ఉండరు. అంతమాత్రాన నిషేధం ఎత్తేయాలని కాదు. వేప్ పేలుడు ఫొటోలను ఆ నిషేధానికి సమర్థనగా చూపడం కుదరదని.

వింత ఏమిటంటే, ఎక్కువమందిని చంపే సిగరెట్ నిప్పుకు విరుగుడు ఎప్పుడో దొరికింది. కాగితంలో రెండు మూడు చోట్ల గాలి సరిగ్గా చొరబడని పట్టీలు వేస్తారు. నిప్పు అక్కడికి చేరాక ఎవరూ దమ్ము లాగకపోతే ప్రాణవాయువు చాలక ఆరిపోతుంది. పరీక్ష కూడా సులువే: 40 సిగరెట్లను వడపోత కాగితాల దొంతర మీద వెలిగించి వదిలేయాలి, పావు వంతుకు మించి చివరిదాకా కాలకూడదు. 1979లో మాసచుసెట్స్‌లో ఒకే కుటుంబంలో ఏడుగురు సిగరెట్ నిప్పుకు బలయ్యాక అక్కడి ప్రతినిధి జో మోక్లీ ఇలాంటి చట్టం కోసం పట్టుబట్టారు. మొదటి నిబంధన న్యూయార్క్ రాష్ట్రంలో అమలయ్యేసరికి 2004 వచ్చింది. తర్వాత కెనడా, 2011 నాటికి అమెరికా అంతటా, యూరోపియన్ యూనియన్‌లో. మాసచుసెట్స్‌లో చట్టం తర్వాత సిగరెట్ వల్ల ఇళ్లు అంటుకునే అవకాశం 28 శాతం తగ్గిందని ఒక అధ్యయనం తేల్చింది. పొగతాగేవాళ్లు తగ్గడం, సోఫాల ప్రమాణాలు మారడం కూడా మంటల్ని తగ్గించి ఉంటాయి, నిజమే. అవన్నీ కలిసినా పట్టీల పాత్ర సున్నా కాదు. మన 2003 పొగాకు చట్టంలో ప్రకటనలున్నాయి, హెచ్చరిక బొమ్మలున్నాయి, బహిరంగ ధూమపానం ఉంది. ఈ పట్టీల ఊసు లేదు.

మన దగ్గర కాల్చేది ఎక్కువగా బీడీలే కదా, సిగరెట్ కాగితంతో ఒరిగేదేమిటని అడగొచ్చు. 2016-17 జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో బీడీ తాగేవాళ్లు 7.7 శాతం, సిగరెట్ 4 శాతం. బీడీ లాగకపోతే తనంతట తానే ఆరిపోతుంది, ఆ మేరకు పరుపు మీద సిగరెట్ కంటే నయం. ఆరినప్పుడల్లా మళ్లీ వెలిగించాలి కాబట్టి అగ్గిపుల్లలు ఎక్కువ పడతాయి, ఎండాకాలం గడ్డివాము పక్కనో నల్లమల దారిలోనో అదే చాలు. బీడీలు చుట్టే తునికాకు చిగుళ్లు బాగా వేయాలని అడవికే నిప్పు పెట్టే అలవాటు సంగతి సరే సరి. వీటిలో దేనికీ కాగితపు పట్టీ జవాబు కాదు. కానీ 4 శాతమంటే కోట్ల మంది. బీడీలా ఇంటింటా చుట్టేది కాదు సిగరెట్, మిషన్ల మీద తయారయ్యేది, కాబట్టి తయారీదారుల్ని ఒక ప్రమాణానికి కట్టడం సాధ్యమే. ఇక్కడి నుంచి యూరప్ మార్కెట్‌కు ఏ సిగరెట్ వెళ్లినా ఆ ప్రమాణానికి లోబడే వెళ్లాలి. పాన్‌షాపులో అమ్మే పెట్టెకూ అదే కాగితం అడగడానికి వేప్‌ల మీద వాదన తేలేదాకా ఆగనక్కర్లేదు.