టమోటా ధరలాగే పురుగు లెక్కా రోజూ తెలియాలి

మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటా ఏ ధర పలికిందో పుంగనూరు రైతుకూ కుప్పం రైతుకూ అదే రోజు తెలిసిపోతుంది. ధర ఫోన్లలో తిరుగుతుంది, మర్నాడు పత్రికల్లో వస్తుంది. 2023 జూలైలో కిలో నూటయాభై రూపాయలు దాటినప్పుడైతే దేశమంతా ఈ యార్డు వైపే చూసింది. కానీ ఆ పంటను తినే పురుగు ఈ వారం ఏ మండలంలో పెరుగుతోందో, ఎటు కదులుతోందో రైతుకు అలా అందదు. నిజానికి ధర తెలిసినా రైతు చేయగలిగింది తక్కువే, పండిన కాయను దాచుకోలేడు కదా. పురుగు సంగతి పది రోజుల ముందు తెలిస్తే చేయగలిగింది ఎంతో ఉంది. కెమెరాలూ కృత్రిమ మేధా మన పొలాలకు అన్నిటికన్నా పనికొచ్చే చోటు ఇదేనని నా నమ్మకం. ఒక్కొక్క రైతుకు ఆకు చూసి తెగులు పేరు చెప్పే యాప్‌ల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా, ప్రాంతమంతటి పురుగుల లెక్కను రోజూ ప్రకటించే ప్రభుత్వ ఏర్పాటు మీద పెట్టాలి.

ఈ అవసరం ఇక్కడ ఎందుకు ఎక్కువో చూడండి. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె ప్రాంతంలో, మైదానాల్లో ఎండకు టమోటా పూత రాలిపోయే రోజుల్లోనూ కాపు నిలుస్తుంది. రైతుకు కలిసొచ్చిన ఈ వాతావరణమే పురుగుకూ కలిసొచ్చింది. ఒక పొలంలో చివరి కోత కోస్తుంటే పక్క పొలంలో నారు నాటుతుంటారు. ఏడాది పొడవునా పురుగుకు లేతాకు దొరుకుతూనే ఉంటుంది. దక్షిణ అమెరికాలో పుట్టి, 2006లో స్పెయిన్‌లోనూ 2014లో మన దేశంలోనూ కనబడిన టూటా పురుగుకు ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. వెచ్చని రోజుల్లో దానికి నెల తిరిగేలోపే ఒక తరం పూర్తవుతుంది. ఒక తల్లి రెండొందలకు పైగా గుడ్లు పెట్టగలదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు ఆకు పొరల మధ్యకు దూరి లోపల్లోపలే తింటుంది కాబట్టి పైన కొట్టిన మందు దానికి సరిగా తగలదు. ఆకులు ఎండినట్టు రైతు కంటబడేసరికి తరవాతి తరం రెక్కల పురుగులు పక్క పొలాలకు చేరుకుంటాయి. అప్పుడు మందు మీద మందు కొట్టడమే మిగులుతుంది. ఇటలీ, గ్రీసు దేశాల్లో డయమైడ్ వర్గపు మందులను కూడా ఈ పురుగు తట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ దారిలో మనమూ నడవనక్కర్లేదు.

ఆకు ఫొటో తీస్తే తెగులు చెప్పే యాప్‌లు మనకు కొత్త కాదు. ఇక్రిశాట్, ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయాల భాగస్వామ్యంతో జర్మన్ యాప్ ప్లాంటిక్స్ 2017లోనే తెలుగులోకి వచ్చింది. అదే కోవలో 2024 ఆగస్టు 15న కేంద్ర వ్యవసాయ శాఖ జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థను ప్రారంభించింది. వీటి మేలును కాదనను. అయితే ఈ విద్యకున్న బలహీనత 2016లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధనలోనే బయటపడింది. యాభై నాలుగు వేలకు పైగా ఆకుల ఫొటోలతో నేర్పిన నమూనా, అదే తరహా ఫొటోలు చూపినప్పుడు 99 శాతానికి పైగా సరిగ్గా చెప్పింది. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు చూపేసరికి 31 శాతానికి పడిపోయింది. నేర్పినప్పుడు వాడినవి ఒక్కో ఆకును తుంచి, సాదా రంగు మీద పరిచి తీసిన బొమ్మలు. పొలంలో నీడ ఉంటుంది, దుమ్ము ఉంటుంది, ఒకే ఆకు మీద రెండు మూడు బాధలు కలిసే ఉంటాయి. పైగా ఆ ఫొటోల పోగులో టమోటాకు సంబంధించి ఎన్నో తెగుళ్లు ఉన్నా టూటా లేనే లేదు. నేర్పనిదాన్ని యంత్రం గుర్తుపట్టలేదు. అంతకన్నా ప్రమాదం, తెలిసిన పేర్లలోంచే ఏదో ఒకటి తీసి చెబుతుంది.

లింగాకర్షక బుట్ట దగ్గర ఈ చిక్కు చాలావరకు తగ్గుతుంది. బుట్టలో పెట్టే ఎర ప్రధానంగా ఒకే జాతి మగ పురుగులను రప్పిస్తుంది. అవి తెల్లని జిగురు అట్టకు అతుక్కుంటాయి. వెనక రంగు ఒకటే, వెతికే ఆకారం ఒకటే, తేల్చవలసింది ఎన్ని పడ్డాయన్నదే. యంత్రానికి ఇంతకన్నా తేలికైన పరీక్ష పెట్టలేం. స్లొవేనియాలో పుట్టిన ట్రాప్‌వ్యూ లాంటి కంపెనీలు బుట్టలోనే కెమెరా అమర్చి రోజూ ఫొటో తెప్పించి లెక్కిస్తున్నాయి. మన దేశంలో వాధ్వానీ ఏఐ సంస్థ పత్తిలో గులాబీరంగు పురుగు కోసం ఇంకా చవకైన దారి పట్టింది. బుట్టలో పడ్డ పురుగులను పరిచి మామూలు ఫోన్‌తో ఫొటో తీస్తే, లెక్కపెట్టి సలహా ఇచ్చే యాప్ అది. సిగ్నల్ లేని చోట కూడా పనిచేసేలా తయారుచేశారు. టమోటాకు కావలసింది ఈ రెండో దారే.

చిన్న కమతాల రైతు ఈ ఖర్చు ఎలా భరిస్తాడన్న ప్రశ్న న్యాయమైనదే. అతను భరించకూడదన్నదే జవాబు. వాన కొలిచే పరికరం ప్రతి రైతూ కొనుక్కోడు, పురుగు లెక్కా అలాంటిదే. 2020 మే 30న పదివేలకు పైగా రైతు భరోసా కేంద్రాలు రాష్ట్రమంతటా ప్రారంభమయ్యాయి, ఇప్పుడవి రైతు సేవా కేంద్రాలు. కేంద్రాలు ఉన్నాయి గనుక, ఇక ఊరికి నాలుగు బుట్టలు పెట్టి ఫొటో తీసే మనుషులే కావాలి. ఇప్పటికే పది రకాల నమోదులతో సతమతమవుతున్న అక్కడి ఉద్యాన సహాయకుల మీద ఇంకో యాప్ రుద్దితే లెక్కలు గదిలో కూర్చుని పూరించినవే వస్తాయి. కుప్పంలోనే ఇంతకన్నా మంచి దారికి ఉదాహరణ ఉంది. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ అక్కడ ఐ-కమ్యూనిటీ పథకం మొదలుపెట్టి, స్వయం సహాయక సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరాలు, వెంట తీసుకెళ్లే ప్రింటర్లు ఇచ్చింది. ఊళ్లలో ఫొటోలు తీసి వాళ్లు సంపాదించుకున్నారు. పథకం ముగిసినా, ఊరి మహిళ చేతిలో కెమెరా పెట్టి పనికి డబ్బిస్తే పని జరుగుతుందని తేలింది. బుట్ట ఫొటోకు ఇంత అని చెల్లించే ఏర్పాటు ఈ సంఘాలతోనే చేయవచ్చు.

పాతికేళ్లుగా టమోటా పండిస్తున్న రైతుకు తన పొలం సంగతి యంత్రం చెప్పాలా అనేవారూ ఉన్నారు. తన పొలం అతనికి తెలుసు. పక్క మండలంలో ఏమవుతోందో తెలియదు. 2021లో గుంటూరు, ఖమ్మం మిరప తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడ్డప్పుడు అనుభవం తక్కువైన వాళ్లు మాత్రమే కాదు, అనుభవం ఉన్నవాళ్లూ నష్టపోయారు. తెలియని పురుగు మీద తెలిసిన మందులన్నీ కొట్టి అప్పులపాలయ్యారు. సలహా ఇచ్చేదీ, అప్పుమీద మందు ఇచ్చేదీ ఒకే అంగడి అయినప్పుడు, ఈ వారం మందు అవసరం లేదని చెప్పడానికి వేరెవరో ఉండాలి. నా దృష్టిలో ఈ లెక్క వల్ల కలిగే అతి పెద్ద మేలు, కొట్టకుండా మిగిలిన మందే.

బుట్టకూ పరిమితులున్నాయి. పడేవి మగవే. ఎన్ని పడితే ఆకుకు ఎంత నష్టమన్న లెక్క పొలాన్నిబట్టి మారుతుంది. అందుకే సంఖ్య పెరిగిన చోట మనిషి వెళ్లి ఆకులు తిప్పి చూడాల్సిందే, ఆ చూసినదాన్ని యంత్రం లెక్కతో పోల్చి ఎన్నిసార్లు తప్పిందో కూడా ప్రకటించాలి. పురుగు ఎక్కువని తెలిస్తే వ్యాపారులు ధర తగ్గిస్తారన్న భయానికి, రైతు పేరు, పొలం వివరం లేకుండా మండల స్థాయి సంఖ్యలే బయటపెట్టడం విరుగుడు. కష్టమైన పని హద్దుల దగ్గర ఉంది. కుప్పానికి ఒకవైపు కోలారు జిల్లా, మరోవైపు కృష్ణగిరి జిల్లా, రెండూ టమోటా నేలలే. మూడు రాష్ట్రాల ఉద్యాన శాఖలు ఒకే రకం ఎర, ఒకే రకం బుట్ట వాడడానికి, వాటిని ఒకే ఎత్తున కట్టడానికి ఒప్పుకుంటే తప్ప కోలారు సంఖ్యను కుప్పం సంఖ్య పక్కన పెట్టి చూడలేం. ఎర మారితే పడే పురుగుల సంఖ్యే మారిపోతుంది గనుక, యాప్‌కు టెండర్లు పిలవక ముందే ఇది తేల్చుకోవాలి.