ఆర్కేడ్ మోడ్ లేని స్ట్రీట్ ఫైటర్ - పప్పు లేని పెళ్ళి భోజనం

స్ట్రీట్ ఫైటర్ 5 ఊసెత్తితే చాలు, ఇప్పుడందరూ ఒకటే పాట: "మొదట్లో కాస్త ఇబ్బంది పెట్టింది గానీ తర్వాత భలే బాగైంది" అని. నాకు ఒళ్ళు మండేది సరిగ్గా ఆ "తర్వాత" దగ్గరే.

క్యాప్‌కామ్ వాళ్ళు ఈ ఆటని 2016 ఫిబ్రవరి 16న పీఎస్4కీ, పీసీకీ విడుదల చేశారు. అమెరికాలో ధర 60 డాలర్లు, అంటే పూర్తి ఆట ధర. లోపల 16 మంది ఫైటర్లు. ఆర్కేడ్ మోడ్ మాత్రం లేదు! 1987లో, నాణెం వేసి ఆడే పెట్టెల్లో పుట్టిన సిరీస్ అండీ ఇది. ఒక ఫైటర్ని ఎంచుకుని, కంప్యూటర్ పంపే ఒక్కొక్కణ్ణీ కొట్టుకుంటూ చివరి విలన్ దాకా పోవడం... ఆర్కేడ్ మోడంటే అదే. అది లేకుండా స్ట్రీట్ ఫైటర్ అమ్మడమంటే పెళ్ళికి పిలిచి, విస్తరేసి, ఉప్పూ ఊరగాయా వడ్డించి "పప్పూ కూరలూ తర్వాత పంపిస్తాం, అడ్రసు ఇచ్చి వెళ్ళండి" అన్నట్టు!

మరి ఒంటరిగా ఆడుకునేవాడికి ఏం పెట్టారయ్యా అంటే, ఒక్కో ఫైటర్‌కీ మహా అయితే నాలుగు ఫైట్ల కథ. ఫైటుకి ఒకటే రౌండు, అవతలివాడు దిష్టిబొమ్మ. ఇంకోటి సర్వైవల్ మోడ్. ఈజీలో 10 ఫైట్లు, హెల్‌లో 100. తొంభై తొమ్మిది గెలిచి వందో దాంట్లో ఓడితే మళ్ళీ మొదటికే. పైగా సర్వర్‌తో కనెక్షన్ లేకపోతే గెలిచినా బహుమతులు దక్కవు. 2016 ఫిబ్రవరి అంటే మన దగ్గర ఇంకా జియో కూడా రాలేదు, అప్పటి నెట్ సంగతి వేరే చెప్పాలా?

ఏ మాటకామాటే, ఫైటింగ్ బాగుంది. ఆ ఏడాది ఈవో టోర్నమెంట్‌కి 5 వేల పైచిలుకు మంది దిగారు. టోర్నమెంట్ వాళ్ళకి పోయిందేమీ లేదు. దెబ్బతిన్నది కొత్తవాడు. కంప్యూటర్‌తో పది సార్లు ఓడి నేర్చుకునే చోటే వాడికి లేదు. ఆన్‌లైన్‌లో దిగితే ఆరితేరినవాళ్ళు ఉతికేస్తారు. ఖర్మకాలి వాడే గెలవబోతే, ఓడేవాడు కనెక్షన్ పీకేసి పారిపోయేవాడు. మొదట్లో అలా పారిపోయినవాడి ఖాతాలో ఓటమి కూడా పడేది కాదు.

ఇక 2016 సెప్టెంబర్ ఘనకార్యం వినండి. మోసగాళ్ళని పట్టుకుంటామని పీసీ అప్‌డేట్‌తో ఒక డ్రైవర్ దింపారు. ఏ ప్రోగ్రామైనా దాన్ని పట్టుకుని నేరుగా కెర్నెల్‌లో తన కోడ్ నడిపించుకోవచ్చు! దొంగని పట్టడానికి ఇంటి గోడకి కన్నం పెట్టడమన్నమాట. గోల పుట్టాక వెనక్కి తీసుకున్నారనుకోండి.

నేనూ సాఫ్ట్‌వేర్ వాణ్ణే. తేదీ ముంచుకొస్తుంటే కొన్ని ఫీచర్లు తర్వాతి రిలీజ్‌కి నెట్టడం మాకు రోజూ ఉండే భాగోతమే. కానీ ఏది నెట్టాలన్నదానికి ఒక లెక్కుంటుంది. లాగిన్ పేజీ రంగులు నెడతాం గానీ, లాగిన్‌నే నెట్టెయ్యం కదా!

"తర్వాత ఉచితంగానే ఇచ్చారు కదా" అంటారు. ఆర్కేడ్ మోడ్ వచ్చింది 2018 జనవరిలో, అంటే 23 నెలలకి. అదీ "ఆర్కేడ్ ఎడిషన్" అని పేరు పెట్టి మరీ! డబ్బులు ముందే తీసుకుని, ఇవ్వాల్సింది రెండేళ్ళకి ఇస్తే దాన్ని ఉచితం అనరు బాబూ, బాకీ తీర్చడం అంటారు. వడ్డీ కూడా లేకుండా.

జనం అప్పుడే సమాధానం చెప్పారు. 2016 మార్చి చివరికి 20 లక్షల కాపీలు అనుకుంటే, 14 లక్షల దగ్గరే ఆగింది. 2023లో స్ట్రీట్ ఫైటర్ 6 మొదటి రోజే ఆర్కేడ్ మోడ్‌తో వచ్చింది. అంటే చేతకాక కాదు, అడిగేవాడు ఉంటే చేస్తారు.

అందుకే, ఇలాంటి ఆటని "ఇప్పుడు బాగుంది" అని పొగిడేముందు, మొదటి రోజు పూర్తి ధర పెట్టినవాడికి ఏం దక్కిందో ఒక్కసారి అడగండి. మనం అడగడం మానేసిన రోజున పప్పే కాదు, విస్తరి కూడా తర్వాతే పంపిస్తారు.